పదహారు రీళ్ల రోజు

సూర్యాపేటకు రైలు లేదు. కోదాడకూ లేదు. యూరియా బస్తా అయినా, పెళ్లిచీర అయినా, పొద్దుటి పేపరు అయినా హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీదే రావాలి. సినిమా కూడా అట్లాగే వచ్చేది. మూతకు గొళ్లెం పెట్టిన రేకు డబ్బాల్లో, పక్కన తెల్ల పెయింటుతో పేరు రాయించుకుని, బస్సు టాపు ఎక్కి వచ్చేది. రిలీజుకు ముందు రాత్రి సూర్యాపేట బస్టాండులో ఆ డబ్బా కోసమే కాచుకున్న గుంపు ఒకటుండేది. హైదరాబాదు బస్సు లోపలికి మలుపు తిరగ్గానే అందరి చూపూ టాపు మీదికే. "వచ్చిందా అన్నా?" అని అడిగితే కండక్టరు చిల్లర సంచీ సర్దుకుంటూ గడ్డంతో పైకి చూపించేవాడు. అంతే, ఈలలు మొదలు. హమాలీ నిచ్చెన ఎక్కి డబ్బాకు తాడు విప్పుతుంటే కింద నలుగురు చేతులు చాచి నిలబడేవాళ్లు. అది తమ చేతుల మీదుగా దిగిందని చెప్పుకోవడం వాళ్లకు కావాలి.

పెద్ద హీరో సినిమా అంటే అప్పట్లో 15, 16 రీళ్లు. ఒక్కో రీలు సుమారు 1,000 అడుగులు. సెకనుకు 24 బొమ్మల లెక్కన అది పదకొండు నిమిషాలు ఆడుతుంది. 16 రీళ్లనూ విప్పి రోడ్డు వెంట పరిచారంటే ఐదు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంత పొడవు బొమ్మను భుజాల మీద మోసి, రిక్షాలో వేసుకుని, టెంకాయ కొట్టి హాల్లోకి తీసుకుపోయేవాళ్లు.

మా ఊరు మునగాల దాటి లోపలికి. చుట్టూ తెలంగాణ పల్లెలే అయినా మునగాల పరగణా 1959 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది. తర్వాతే నల్లగొండలో కలిసింది. అందుకేనేమో మా తాతల కాలంలో సినిమా అంటే బెజవాడ. మా నాన్నల కాలానికి కోదాడ. మేం డిగ్రీకి సూర్యాపేటలో రూము తీసుకునేసరికి, అంటే 1990ల చివర, మాకు మూడు ఊళ్లు దొరికాయి. సూర్యాపేట మేం ఉండే చోటు. కోదాడ మా ఇంటి దారి. మిర్యాలగూడ రూములో ఉన్న ఒకడి సొంతూరు. రూములో ఇంకా ఒకడు నేరేడుచర్ల వైపు వాడు, ఒకడు తుంగతుర్తి వాడు. సెలవు వచ్చిందంటే ఏ ఊళ్లో ఏ సినిమా ఆడుతోందన్నది శుక్రవారం నుంచే మాటల్లో పడేది. గోడల మీది పోస్టర్లు చూసి వచ్చే పని నేరేడుచర్ల వాడిది. వాడు శంకర్ విలాస్ సెంటర్ దాకా నడిచి వెళ్లి, ఏ హాల్లో ఏది ఎన్ని ఆటలు, ఏది మారింది, ఏది మార్నింగ్ షోకు దిగింది అన్నీ చూసుకుని వచ్చి చెప్పేవాడు. హీరో పేరు కన్నా ముందు రన్నింగ్ టైము చెప్పేవాడు. ఎందుకంటే సినిమా ఎంతసేపన్నదాన్ని బట్టే ఆఖరి బస్సు దొరికేదీ లేనిదీ తేలుతుంది.

సినిమా చూడడమంటే అప్పుడు ఒక రోజు. మూడు గంటల బొమ్మకు పొద్దున స్నానాలు, ఇస్త్రీ చొక్కాలు, పెసరట్టు తిందామా పూరీ తిందామా అన్న చర్చ, బస్సు, బస్సు దిగి నడక, క్యూ, టికెట్టు, మళ్లీ చాయ్, ఆ తర్వాత బొమ్మ. మా మిర్యాలగూడ వాడు అన్నం కన్నా ముందు పాటల పుస్తకం కొనేవాడు. హాలు బయట చాప మీద పరిచి అమ్మేవాళ్లు. పలచటి కాగితం, పైన రంగు బొమ్మ, లోపల అచ్చుతప్పులతో పాటలు, వెనక అట్ట లోపల కథాసంగ్రహం. ఆ కథ సరిగ్గా అసలు ముడి దగ్గర ఆగి, మిగతాది వెండితెరపై చూడమనేది. వాడి ట్రంకు పెట్టెలో అవి బట్టల కన్నా ఎక్కువ ఉండేవి.

టికెట్ కౌంటరు గురించి ఇప్పటి పిల్లలకు ఎట్లా చెప్పాలో తెలియదు, కానీ చెప్పాలి. అది మనిషి వెడల్పు సందు. రెండు పక్కలా గోడలు, నెత్తి మీద ఇనుప చువ్వలు. ఒకసారి లోపలికి వెళ్లాక వెనక్కి రావడానికి దారి లేదు, ముందుకే. ఆ గోడలు నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా జనం ఒరుసుకుని ఒరుసుకుని నున్నగా, నల్లగా, కొబ్బరినూనె వాసనతో ఉండేవి. చివర అరచేయి పట్టేంత కన్నం. అందులో ఒకేసారి మూడు చేతులు. లోపలి మనిషి ముఖం ఎవరూ చూసి ఉండరు. చేతులే చూసేవాడు ఆయన, మేమూ ఆయన వేళ్లే చూసేవాళ్లం. డబ్బున్న పిడికిలి విప్పి "నాలుగు బెంచీ" అని అరవాలి. ఆయన నోట్లు లాక్కుని, చిల్లరా టికెట్లూ కలిపి అరచేతిలో పెట్టి, పిడికిలి మూసి బయటికి నెట్టేవాడు. ఆ మూసేది ఆయనే. చేయి బయటికి లాక్కునేటప్పుడు ఇనుప అంచుకు మణికట్టు గీసుకునేది. టికెట్టు పలచటి గులాబీ రంగు కాగితం, మీద ఊదారంగు స్టాంపు ఇంకా ఆరని తడి. చెమట చేతిలో ఆ స్టాంపు అచ్చు అరచేతికి అంటుకునేది.

తుంగతుర్తి వాడు బక్కపలచగా ఉండేవాడు కాబట్టి కౌంటరు పని వాడిది. వాడు జనం భుజాల మీదుగా పాక్కుంటూ వెళ్లి వచ్చాడంటే చొక్కా గుండీలు ఉండేవి కావు. అంత దాకా ఎందుకని ఒక్కోసారి లేడీస్ కౌంటరు దగ్గర నిలబడి, ముఖం చూసి మెత్తని మనిషి అనిపించిన వాళ్లను బతిమాలేవాళ్లం. "అక్కా, మాకో నాలుగు తీస్తవా? దూరం నుంచి వచ్చినం." ఆ అక్క కూడా పిల్లలను చంకనేసుకుని ఏదో పల్లె నుంచి వచ్చే ఉండేది. తీసిచ్చేది. చిల్లర పైసలతో సహా లెక్కచెప్పి ఇచ్చేది. ఆ తర్వాత హాల్లో ఎదురుపడితే పలకరింపుగా నవ్వేది కూడా. ఊరూ పేరూ తెలియని మనుషుల మధ్య అంత నమ్మకం ఆ సందు చివరనే చూశాను నేను.

టికెట్టు చేతిలో పడ్డాక తొందర ఉండదు. హాలు మీది లౌడ్‌స్పీకరులో ఘంటసాల వేంకటేశ్వరస్వామి పాట వేస్తే ఆట మొదలవుతోందని గుర్తు. ఆ పాట వినగానే చాయ్ గ్లాసులు కింద పెట్టి అందరూ లేచేవాళ్లు. ఊళ్లోని ఇళ్లవాళ్లకు కూడా అదే గడియారం. లోపల ముందు బెంచీలు, వాటి వెనక కుర్చీలు, పైన బాల్కనీ. అంతకు ముందు బెంచీల చోట నేల ఉండేదట, ఇసక పోసి. తెర ఎత్తేముందు స్లైడులు: ఎరువుల దుకాణం, కళ్లజోళ్ల దుకాణం, ఫోటో స్టూడియో. గాజు పలక మీద చేత్తో గీసినవి కాబట్టి ఒక్కో అక్షరం ఒక్కో తీరుగా వంగి ఉండేది. తర్వాత ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల నలుపు తెలుపు వార్తాచిత్రం. దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు, నేను తప్ప. ఎక్కడో బిహారులో వరదలూ, భాక్రా ఆనకట్టా నేను మొదట చూసింది సూర్యాపేటలో బెంచీ మీద కూర్చునే.

కోదాడ హాళ్లకు ఇంకో గర్వం ఉండేది. గుడిబండ కోదాడ పక్కనే. అక్కడ 1923లో పుట్టిన కాంతారావు గారు 1953లో 'ప్రతిజ్ఞ'తో హీరో అయి, విఠలాచార్య జానపదాల్లో కత్తి తిప్పి, 'లవకుశ'లో లక్ష్మణుడై తెలుగు దేశమంతా తిరిగొచ్చారు. మా ఊరి పెద్దలు ఆయనను సినిమా నటుడిగా కాక గుడిబండ మనిషిగా చెప్పుకునేవాళ్లు. ఆయన భూములు సినిమాలు తీయడంలో పోయాయని చెప్పేటప్పుడు సొంత అన్నదమ్ముల భూమి పోయినట్టే బాధపడేవాళ్లు. 2009 మార్చిలో ఆయన పోయినప్పుడు మా నాన్న ఆ పూట అన్నం తినలేదు.

తుంగతుర్తి వాడు ఊరుకుంటాడా? వాళ్లకు డాక్టర్ ప్రభాకర్ రెడ్డి గారున్నారు. ఉస్మానియాలో వైద్యం చదివి, 1960లో 'చివరకు మిగిలేది'తో తెరమీదికి వచ్చిన మనిషి. హైదరాబాదులో సినిమా కార్మికుల ఇళ్ల కోసం తన భూమి ఇచ్చిన మనిషి. వాళ్ల చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు. ఆ భూదానం సంగతి వాడు ఎన్నిసార్లు చెప్పినా మేం మొదటిసారి విన్నట్టే వినేవాళ్లం. వినదగ్గ సంగతి అది.

కానీ మా కాలం మనిషి వేణుమాధవ్. కోదాడ కుర్రాడు. మిమిక్రీ చేస్తూ, మాట్లాడే బొమ్మను ఒళ్లో పెట్టుకుని సభల్లో నవ్విస్తూ సినిమాల్లోకి వెళ్లాడు. 1998 జులైలో 'తొలిప్రేమ' వచ్చింది. పవన్ కళ్యాణ్‌కు ఎన్ని ఈలలు పడ్డాయో, స్నేహితుల గుంపులో వేణుమాధవ్ నోరు తెరిచినప్పుడు కోదాడలో అంత కన్నా ఎక్కువ గోల. మా పక్క బెంచీ మీద ఒక పెద్దమనిషి లేచి నిలబడి, "మా బజారోడు" అని చుట్టుపక్కల అందరికీ వేలెత్తి చూపించాడు. నిజంగా ఆ బజారుదో కాదో నాకు తెలియదు. ఆ క్షణంలో హాలంతా ఆ బజారే. తర్వాత 'సై'లో నల్లబాలుగా, 'లక్ష్మి'లో నంది అవార్డు తెచ్చుకున్న పాత్రలో రాష్ట్రమంతా ఆయనకు నవ్వింది. కోదాడ మాత్రం ముందే నవ్వి పెట్టుకుంది. 2019 సెప్టెంబరు 25న ఆయన పోయారన్న వార్త వినగానే నాకు ఆ లేచి నిలబడ్డ పెద్దమనిషి గుర్తొచ్చాడు.

కోదాడతో ఇంకో చిక్కు కూడా ఉండేది. సినిమా వ్యాపారంలో తెలంగాణ అంతా నైజాం ఏరియా. కోదాడ దాటి కొద్ది దూరం వెళ్లి జగ్గయ్యపేటలో అడుగుపెడితే కృష్ణా ఏరియా. పంపిణీదారు వేరు, ప్రింట్లు వేరు. కోదాడకు ఇంకా రాని సినిమా అరగంట బస్సు దూరంలో ఆడేస్తూ ఉండేది. అప్పటికి రాష్ట్రం ఒకటే, భాష ఒకటే, సినిమాకు మాత్రం అక్కడొక సరిహద్దు. తొందర పట్టలేని వాళ్లు దాటేవాళ్లు. మునగాల వాళ్లం కాబట్టి మాకు అదేం కొత్త కాదు.

2001 సంక్రాంతికి ముందు జనవరి 11న 'నరసింహనాయుడు', 'మృగరాజు' ఒకే రోజు వచ్చాయి. మా రూము రెండుగా చీలింది. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. రాత్రంతా పాత నోటుపుస్తకాలు చింపి, మడిచి, కాగితం ముక్కలు సంచీల్లో నింపుకున్నాం. నా ఆర్థికశాస్త్రం నోట్సు 'నరసింహనాయుడు' హీరో బాలకృష్ణ మీద చల్లడానికి పోయింది. ఆ పండగ 'నరసింహనాయుడు'దే అయింది. ఓడిన ఇద్దరూ మర్నాడు మాతో కలిసి గెలిచిన సినిమాకు వచ్చి, మాకన్నా గట్టిగా ఈలలేశారు.

మిర్యాలగూడ సంగతి వేరు. అక్కడికి వెళ్లడమంటే రాత్రి అక్కడే ఉండడం. ఆ ఊళ్లో దిగగానే ముందు ముక్కుకు తగిలేది ఉడికిన వడ్ల వాసన. 1967లో సాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలాక ఎడమ కాలువ కింద ఆ నేల మొత్తం వరి అయింది. వరి మిల్లులను తెచ్చింది. మిల్లులు కూలీలను, లారీలను, సేట్లను తెచ్చాయి. ఆ జనమంతా కలిసి సినిమా హాళ్లను నిలబెట్టారని నా నమ్మకం. కోతల కాలంలో ఏ హాలు ముందు చూసినా జనమే. కాలువకు నీళ్లు రాని ఏడు మంచి సినిమా కూడా రెండు వారాలకు ఎత్తేసేవాళ్లు. మా తుంగతుర్తి వాడి వైపు మెట్ట నేల. వాడికి ఆ తేడా చూసి ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. "మాకూ కాలువొస్తే మా ఊళ్లోనూ హాలు కట్టేటోళ్లు" అనేవాడు.

మా వాడి నాన్న మిల్లులో గుమాస్తా. వారం కూలి ముట్టిన రోజు సెకండ్ షోకు మిల్లు మనుషులతో కలిసి వెళ్లేవాళ్లం. తల మీద తువ్వాలు, చెవుల మీద తవుడు దుమ్ము, చేతిలో పల్లీల పొట్లం. వాళ్లు సినిమా చూసే తీరు నాకు చాలా ఇష్టం. ఫైటు వస్తే కదలరు. తల్లి పాత్ర ఏడిస్తే మాత్రం తువ్వాలుతో ముఖం దాచుకోకుండా బాహాటంగా ఏడ్చేవాళ్లు. అర్ధరాత్రి దాటాక ఆట వదిలితే మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు మీద, పొద్దుటి ఎండ వేడి ఇంకా వదలని చోట, సంచులు పరుచుకుని పడుకునేవాళ్లం. సినిమా కథ మళ్లీ మొదటి నుంచి నడిచేది. రాని వాళ్ల కోసం ఒకాయన చెప్పేవాడు. ఆయన చెబితే పాటలు కూడా ఉండేవి. మధ్యలో రైలు వెళితే అది వెళ్లిపోయే దాకా ఆగి, ఆపిన మాట దగ్గరే అందుకునేవాడు.

ఇక ఆపరేటరు క్యాబిన్. సూర్యాపేటలో ఒక హాలు ఆపరేటరు మా రూము యజమానికి దగ్గరి చుట్టం. ఒక వానరోజు మ్యాట్నీకి జనం లేక, మమ్మల్ని పైకి రానిచ్చాడు. ఇనుప మెట్లు, చిన్న గది, కొలిమంత వేడి. రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన. ఒక్కో దాని పొట్టలో పెన్సిలంత లావు కార్బన్ కడ్డీలు రెండు, ఎదురెదురుగా. వాటి కొసల మధ్య పుట్టే వెలుగే కింద తెర మీద హీరో. కడ్డీలు కాలిపోతుంటాయి కాబట్టి ఆయన ఎడమ చేయి ఎప్పుడూ ఒక మర మీదే ఉండేది. వెలుగు పసుపు తిరగకుండా కొద్దికొద్దిగా తిప్పుతూ, నల్లద్దం వేసిన కిటికీలోంచి దాన్నే చూస్తూ ఉండేవాడు. రీలు అయిపోయే ముందు తెర కుడి పై మూలన ఒక గుండ్రటి చుక్క మెరుస్తుంది. అది మొదటి చుక్క. ఆయన రెండో మిషన్ మోటారు వేసేవాడు. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క. ఒక దాని మూత పడి ఇంకో దాని మూత తెరుచుకునేది. కింద కూర్చున్న వాళ్లకు ఏమీ తెలియదు. అన్నేళ్లుగా కింద కూర్చున్న నేను ఆ చుక్కను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు తర్వాత చూడకుండా ఉండలేకపోయాను.

తెగిన చోట ఆయన అతికించడం చూశాను. బ్లేడుతో అంచు గీకి, ఘాటైన వాసన వేసే జిగురు ఒక చుక్క రాసి, రెండు కొసలూ కలిపి వేలితో నొక్కి పట్టుకుని, పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టేవాడు. కింద "లైట్ రా! లైట్ రా!" అని కేకలు. ఆయన లెక్క మాత్రం తొందరపడదు. సినిమా ఎట్లా ఉందని అడిగాం. "కథ నాకు తెలవదు తమ్మీ, రీళ్లు తెలుసు. ఏడో రీల్ల ఫైటు, పదకొండుల ఏడుపు" అన్నాడు. రెండు హాళ్లకు ఒకటే ప్రింటు వచ్చినప్పుడు ఇక్కడ అయిపోయిన రీలును లూనా మీద అక్కడికి పంపేవాళ్లు. లూనా ఆలస్యమైతే అక్కడి తెర మీద ఓపిక పట్టమని స్లైడు. ఆఖరి బస్సుల వాళ్లు గొడవ చేస్తారని రెండో వారం నుంచి ఒక పాట ఎగరగొట్టేవాళ్లని కూడా ఆయనే చెప్పాడు.

ఇవన్నీ పోవడానికి పెద్ద సమయం పట్టలేదు. 2010 తర్వాత కొద్ది ఏళ్లలోనే ప్రింట్లు ఆగిపోయాయి. సినిమా ఆకాశంలోంచీ, డిస్కులోంచీ దిగడం మొదలైంది. రోడ్డు నాలుగు వరుసలై బస్సులు ఊరి పక్క నుంచి పోసాగాయి. రేకు డబ్బాలు పాత సామాన్ల కొట్టుకు చేరాయి. 2020 మార్చిలో కరోనాకు మూసిన తలుపులు నెలల తరబడి తెరుచుకోలేదు. కొన్ని హాళ్లు ఫంక్షన్ హాళ్లయ్యాయి, కొన్ని ఏసీ పెట్టుకుని కొత్తగా నిలబడ్డాయి. కొత్త హాళ్లలో బొమ్మా బాగుంటుంది, శబ్దమూ బాగుంటుంది, ఆడపిల్లలు భయం లేకుండా వస్తున్నారు. అది చాలా మంచి మార్పు. పాత సందు కౌంటర్లు మళ్లీ రావాలని నేను కోరుకోను. ఆపరేటరు చేతిలోని ఆ విద్య మాత్రం ఇంకొకరికి నేర్పడానికి లేకుండా పోయిందే అని బాధ. ఆయన తర్వాత ఇళ్లకు కరెంటు వైరింగు చేసేవాడు. ఆ పని కూడా అంతే తొందర లేకుండా చేసేవాడట.

2022 డిసెంబరు 31న 'ఖుషి' మళ్లీ హాళ్లకు వచ్చింది. 2001లో దాన్ని కలిసి చూసిన నలుగురం సూర్యాపేటలో కలుసుకున్నాం. నేరేడుచర్ల వాడు ఫోనులో టికెట్లు తీశాడు. మా పక్కన కూర్చున్న పిల్లలు 2001 నాటికి పుట్టలేదు, కానీ డైలాగులన్నీ మాకన్నా ముందే అందుకున్నారు, సంచీల్లో కాగితం ముక్కలు కూడా తెచ్చుకున్నారు. ఆట వదిలాక చాయ్ దగ్గర తుంగతుర్తి వాడు, 'తొలిప్రేమ' మనం సూర్యాపేటలో చూశాం అన్నాడు. నేను కోదాడ అన్నాను, లేచి నిలబడ్డ పెద్దమనిషిని సాక్ష్యం చూపించాను. మిర్యాలగూడ వాడు ఒప్పుకోలేదు. మిల్లు గచ్చు మీద ఆ కథ పాటలతో సహా విన్నానని, కాబట్టి మిర్యాలగూడే అని వాదించాడు. పాటల పుస్తకం వెనక తేదీ, హాలు పేరు రాసి పెట్టుకునే అలవాటు వాడికి ఉంది. ట్రంకు పెట్టె వాళ్లమ్మ దగ్గర ఉంది. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు తీసి చూస్తానన్నాడు, ఇంతవరకూ చూడలేదు, మేం అడగడం మానలేదు.